హబీబ్ తన్వీర్ నాటకాలలో యౌవనోదయం

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2వ తేదీన ఒడంబడిక కుదిరేవరకు భిలాయి అనే పేరు దుర్గ్ జిల్లా పొలిమేర దాటి ఎక్కువ దూరం పోయి ఉండదు. వరిపొలాల నడుమ, చెరువుగట్ల వెంట ఒదిగి ఉండిన పల్లెలవి. నాలుగేండ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. సంవత్సరానికి పది లక్షల టన్నుల ఉక్కును ఉత్పత్తి చేయాలని ఆనాటి సంకల్పం. ఆ కొలిమికి కావలసిన ఇనుపరాయి దక్షిణాన ఉన్న దల్లీ-రాజహరా గనుల నుండి రైలు మీద వచ్చేది. ఆ రాతిని కరిగించే మనుష్యులు దేశపు నలుమూలల నుండి వచ్చారు. ఆంధ్రప్రాంతం నుండి వెళ్ళిన కుటుంబాలు అక్కడ తరాల తరబడి స్థిరపడి ఉన్నవి. తొలినాళ్ళలో వచ్చినవారిలో అప్పుడప్పుడే చదువు ముగించిన యువకులు ఎందరో. సెక్టారులుగా విభజించి, గీత గీసినట్లు వీధులు తీర్చి కట్టిన ఆ పట్టణానికి తాతలు లేరు, పాత కథలు లేవు. ఊరూ, ఊరివారూ ఒక్కసారే పెరిగి పెద్దవారు కావలసి వచ్చింది.

చుట్టుపట్ల పల్లెలలోని యువతీయువకుల స్థితి ఇందుకు భిన్నమైనది. వారికి ఎదుగుదలలో ఒక క్రమం ఉండేది. పుష్య పూర్ణిమనాడు ఛేర్‌ఛేరా అని కేకలు వేస్తూ గుంపులుగా ఇంటింటికీ తిరిగి వడ్లు అడుగుట, పొలం పనులలో దదరియా పాటలతో ఒకరినొకరు కవ్వించుకొనుట, దీపావళి వేళ మట్టి బొమ్మలకు గౌరా-గౌరీ పెండ్లి చేయుట, ఇవన్నీ బాల్యానికీ సంసారానికీ మధ్య కట్టిన వంతెనలు. మరింత దక్షిణాన బస్తరులోని మురియా గోండులకు ఘోతుల్ అనే యువజన గృహమే ఉండేది. వెరియర్ ఎల్విన్ దానిని గురించి 1947లో పెద్ద గ్రంథం ప్రకటించారు. ఫ్యాక్టరీ సైరను కూతకు లేచి, కూతకు పడుకొనే పట్టణం ఒకటి పక్కన వెలసిన తరువాత ఈ వంతెనల సంగతి ఏమైనది? ఇది సాంఘికశాస్త్రజ్ఞులు అడుగవలసిన ప్రశ్న. కాని దీనికి సమాధానం వంటిది ఏదైనా ఉన్నదంటే అది ఒక నాటకకర్త కృషిలో ఉన్నదని నా అభిప్రాయం. ఆయన హబీబ్ తన్వీర్.

తన్వీర్‌ను గురించి వ్రాసేవారు సాధారణంగా జానపద రంగస్థలం, బ్రెహ్ట్ ప్రభావం, అభ్యుదయ దృక్పథం అనే మూడు మాటలు చెప్పి ఊరకుంటారు. ఆ మూడూ నిజమే. అయితే 1973 నుండి 1978 వరకు ఆయన ఛత్తీస్‌గఢీ భాషలో నిర్మించిన మూడు నాటకాలను వరుసగా ముందు పెట్టుకొని చూస్తే మరొక విషయం కంటబడుతుంది. మూడింటిలోను పెద్దల మాటకూ పిన్నల కోరికకూ నడుమ పెనుగులాట ఉన్నది. మూడింటిలోను ఎవరో ఒకరు పెద్దవారు కావలసిన గడియ వస్తుంది. మొదటిదానిలో అది నవ్వుతో ముగుస్తుంది. రెండవదానిలో చావుతో ముగుస్తుంది. మూడవదానిలో జరిగేదానికి పేరు పెట్టుటకు మనస్సు వెనుదీస్తుంది.

ఆయన జీవితం సంగ్రహంగా చెప్పుకొందాం. 1923 సెప్టెంబరు 1వ తేదీన రాయపూర్‌లో జన్మించారు. తండ్రి హఫీజ్ అహ్మద్ ఖాన్ పెషావరు నుండి వచ్చినవారు. రాయపూర్‌లోని లారీ మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో షేక్స్‌పియర్ రచించిన ‘కింగ్ జాన్’లోని బాలుడు ఆర్థర్ వేషం వేశారు. తన కన్నులు పొడవవచ్చిన మనిషిని మాటలతో కరిగించే పసివాడి పాత్ర అది. ముందుముందు ఆయన పట్టుకొనబోయే విషయానికి ఇంతకన్న తగిన నాంది దొరకదు. నాగపూర్‌లోని మారిస్ కళాశాలలో 1944లో పట్టభద్రులై, కొంతకాలం అలీగఢ్‌లో చదివి, 1945లో బొంబాయి చేరి ప్రజానాట్య సంఘంలోను, అభ్యుదయ రచయితల ఉద్యమంలోను పనిచేశారు. 1954లో ఢిల్లీలో ‘ఆగ్రా బజార్’ ప్రదర్శించారు. అదే కాలంలో ఎలిజబెత్ గౌబా పాఠశాలలో పిల్లల చేత నాటకాలు ఆడించారు. 1955లో లండన్ వెళ్ళి నాట్యవిద్య నేర్చుకొన్నారు. 1956లో బెర్లిన్ చేరేసరికి బ్రెహ్ట్ కన్నుమూశారు. ఆయన నాటకసమాజపు ప్రదర్శనలు చూస్తూ తన్వీర్ అక్కడ కొన్ని నెలలు గడిపారు.

స్వదేశం తిరిగివచ్చి 1958లో శూద్రకుని మృచ్ఛకటికాన్ని ‘మిట్టీ కీ గాడీ’ పేరుతో రంగం మీదికి తెచ్చినప్పుడు అందులో ఆరుగురు ఛత్తీస్‌గఢ్ పల్లెనటులను చేర్చారు. ఠాకుర్‌రామ్, మదన్‌లాల్, భుల్వారామ్, లాలూరామ్ మొదలైన వారు నాచా మేళాలలో రాత్రి తెల్లవార్లూ ఆడి జనాన్ని కదలనీయని గొప్ప నటులు. 1959లో మోనికా మిశ్రాతో కలసి స్థాపించిన ‘నయా థియేటర్’లో వారిని ఆయన చిరకాలం హిందీ మాట్లాడించారు, కుడి ప్రక్కకు ఇన్ని అడుగులు, ఎడమ ప్రక్కకు ఇన్ని అడుగులు అని నడిపించారు. ఊరిలో సింహాల వలె ఉండే నటులు రాజధానిలో మూగవారైపోయారు. తప్పు నటులది కాదని, తన పద్ధతిదని ఆయన గ్రహించటానికి పదేండ్లకు పైగా పట్టింది. నటుడు తన తల్లిభాషలో మాట్లాడాలి, తనకు తోచినట్లు తిరగాలి. దర్శకుడు అందులోనుండి నాటకాన్ని ఏరుకోవాలి. 1970 ప్రాంతంలో కలిగిన ఈ జ్ఞానోదయం లేనిదే తరువాతి మూడు నాటకాలూ లేవు. పరభాషలో అణగియున్న మనిషి ఎన్ని ఏండ్లు వచ్చినా సభలో పిల్లవాడుగానే ఉండిపోతాడన్న సంగతి ఉద్యోగాలకై దూరదేశం పోయిన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1973లో రాయపూర్‌లో నెలరోజుల శిక్షణ శిబిరం జరిగింది. నూటికి పైగా జానపద కళాకారులు పాల్గొన్నారు. వారు ఆడుతూ వచ్చిన మూడు పాత నాచా ప్రహసనాలు, ‘ఛేర్‌ఛేరా’, ‘బుఢ్వా బిహావ్’, ‘దేవార్ దేవారిన్’ అనేవి, విడివిడిగా ఉండేవి. వ్రాతప్రతి ఏమీ లేకుండా, నటుల ఆశువుతోనే, ఈ మూడింటినీ తన్వీర్ ఒక కథగా కలిపారు. ఆ నాటకం పేరు ‘గావ్ కే నావ్ ససురాల్, మోర్ నావ్ దమాద్’. ఊరి పేరు అత్తవారిల్లు, నా పేరు అల్లుడు అని దాని అర్థం. పేరులోనే కొంటెతనం ఉన్నది: ఏ ఊరు నాయనా, నీ పేరేమి అని అడిగిన పెద్దమనిషికి ఇట్టి జవాబు చెప్పి ఊరుకొనే కుర్రవాడి ధైర్యాన్ని ఊహించుకొనండి. అడిగినవాడు ఆ పేర్లను నోట పలికిన మరుక్షణం మామగారు అయిపోతాడు.

కథ ఛేర్‌ఛేరా పండుగతో మొదలవుతుంది. పంట ఇండ్లకు చేరింది. ఎవరి గాదెలో ఎంత ఉన్నా ఆనాడు అడిగినవారికి వడ్లు పెట్టక తప్పదు. మగపిల్లలొక గుంపు, ఆడపిల్లలొక గుంపు. పాటకు పాట, మాటకు మాట. ఈ సందడిలో ఝంగ్లూ అనే యువకుడికీ మాంతీ అనే పిల్లకూ మనస్సులు కలుస్తవి. పిల్ల తండ్రి ఈ పేద సంబంధానికి ఒప్పుకొనక డబ్బు గల ముసలివానికి ఇచ్చి పెండ్లి చేస్తాడు. ఝంగ్లూ మిత్రులను వెంటబెట్టుకొని, ఆడుతూ పాడుతూ ఊరూరా తిరిగే దేవార్ జాతివారి వేషంతో వచ్చి పిల్లను తీసుకొనిపోతాడు. ఇంతే కథ. ప్రపంచంలోని సగం ప్రహసనాలకు ఇదే కథ అనవచ్చు.

అయితే ఇక్కడ గమనింపదగినది పండుగ యొక్క స్థానం. నగర నాటకకర్త అయితే పండుగను అలంకారంగా వాడుకొని ఉండేవాడు. ఒక పాట, ఒక నృత్యం, తరువాత అసలు కథ. తన్వీర్ నాటకంలో పండుగే కారణం. ఛేర్‌ఛేరానాడు పిల్లలు పెద్దల వాకిట నిలబడి హక్కుగా అడుగుతారు. ఇవ్వటం పెద్దల ధర్మం. వడ్లు అడిగితే పెట్టిన పెద్దలు పిల్లను అడిగితే కాదన్నారు! పండుగ ధర్మాన్ని మధ్యలో తెంచినది తండ్రియే గాని యువకుడు కాదు. కనుక చివరకు వాడు చేసిన పని తిరుగుబాటు వలె తోచదు, బాకీ వసూలు వలె తోచుతుంది. చూచే పల్లెవారు పిల్లవాని పక్షాన నవ్వటానికి సంకోచించకపోవటం ఇందువలననే. ఆచారాన్ని ఆచారంతోనే ఓడించిన ఈ నేర్పు నాచా నటులది. దానిని గుర్తించి చెడగొట్టకుండా ఉంచిన ఘనత తన్వీర్‌ది.

తెలుగు పాఠకునికి ఇక్కడ ‘కన్యాశుల్కం’ స్ఫురించక మానదు. గురజాడ అప్పారావుగారి నాటకం మొదట 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త రచనగా వెలువడింది. అందులోను డబ్బు గల ముసలివాడున్నాడు, కూతురును అమ్ముకొనే తండ్రి ఉన్నాడు, మారువేషం ఉన్నది. కాని కరటకశాస్త్రి శిష్యుడు ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు భార్య కావటం పెద్దలు పన్నిన పన్నాగం. సుబ్బికి ఆ పన్నాగంలో చెప్పదగినంత మాట లేదు. పాపం, ఆమె పేరిట నాటకమంతా నడుస్తుంది, ఆమె మాత్రం తెర వెనుకనే. వెంకటేశమనే విద్యార్థి గిరీశం దగ్గర చుట్ట కాల్చటం నేర్చుకొని పెద్దవాడవుతున్నాననుకొంటాడు. అప్పారావుగారి దృష్టి సంఘం మీద. సంఘాన్ని సంస్కరింపవలసినవారు వకీళ్ళు, చదువుకొన్నవారు. రాయపూర్ శిబిరంలో పుట్టిన నాటకంలో సంస్కర్త లేడు. పిల్లలు తమ బ్రతుకును తామే దిద్దుకొంటారు. మాంతీ ఎల్లవేళలా రంగం మీదనే పాడుతూ, నవ్వుతూ, ఎదురుచెప్పుతూ ఉంటుంది. మహాకావ్యం వంటి మన నాటకంతో ఈ చిన్న ప్రహసనాన్ని తూచటం నా ఉద్దేశం కాదు. ఒక్క విషయంలో మాత్రం పల్లెనటులే ముందున్నారని చెప్పక తప్పదు.

మరుసటి ఏడు తన్వీర్ భిలాయి వచ్చారు. 1974 శీతకాలంలో అక్కడ నెలరోజుల శిబిరం నడిపారు. రాజస్థాన్‌లోని బోరుందా గ్రామవాసి, రచయిత విజయ్‌దాన్ దేథా తమ ప్రాంతపు జానపద కథ ఒకటి ఆయనకు వినిపించి ఉన్నారు. ఒక దొంగ ఎన్నడూ అబద్ధమాడనని గురువుకు మాట ఇచ్చి, ఆ మాట కొరకే ప్రాణం పోగొట్టుకొన్న కథ. శిబిరంలో ఆ కథను అటూ ఇటూ త్రిప్పి చూచారు. ఆ సమయంలోనే భిలాయి మైదానంలో సత్‌నామీల సమ్మేళనం జరుగుతున్నది. రాత్రంతా పంథీ బృందాలు ఒకదాని తరువాత ఒకటిగా మద్దెల మోతకు అడుగులు వేస్తున్నవి. సత్యమే ఈశ్వరుడని బోధించిన గురు ఘాసీదాస్ అనుయాయులు వారు. గ్రామంలో అంటరానివారుగా చూడబడిన కులం. సత్‌నామమనే ఒక్క పేరును పట్టుకొని తలయెత్తుకొన్న సంఘం. సత్యం కొరకు చచ్చిన దొంగ కథను ఇంతకన్న బాగా ఎవరు అర్థం చేసుకొంటారు? తన్వీర్ ఇంకా పూర్తి కాని ఆ నాటకాన్ని, దాదాపు ఏబది నిమిషాల పాటు, వేలాది జనం ఎదుట ఆడించారు. అప్పుడు దాని పేరు ‘చోర్ చోర్’. తరువాత నాయకునికి అమర్‌దాస్ అని పేరు పెట్టబోగా అది తమ గురువులలో ఒకరి పేరని సత్‌నామీలు అభ్యంతరం చెప్పారు. చివరకు చరణ్‌దాస్ అయింది. 1975లో ఢిల్లీలో ‘చరణ్‌దాస్ చోర్’ ప్రదర్శితమైంది. శ్యామ్ బెనెగల్ అదే ఏడు దానిని చలనచిత్రంగా తీశారు. 1982లో ఎడింబరో ఉత్సవంలో బహుమానం పొందింది. ఈ కీర్తి అంతా అందరికీ తెలిసినదే. అది భిలాయి మట్టి మీద, ఉక్కు కొలిమి వెలుగు కనబడేంత దూరంలో పుట్టిన నాటకమని మాత్రం ఎక్కువమంది తలచుకొనరు.

చరణ్‌దాస్ వయస్సు ఎంతో నాటకం చెప్పదు. చెప్పకపోయినా వాడి నడవడి అంతా కుర్రతనమే. పోలీసును ఏడిపిస్తాడు, దొరికిన మూటను లేనివారికి పంచుతాడు, మరునాటి ఆలోచన లేదు. పోలీసు తరుముతుండగా ఒక గురువు దగ్గర దూరి, పరిహాసానికి నాలుగు ప్రతిజ్ఞలు చేస్తాడు: బంగారు పళ్ళెంలో తినను, ఏనుగు మీద ఊరేగను, రాణిని పెండ్లాడను, ఇస్తామన్నా రాజ్యం ఏలను. గాదె అడుగు కనబడే బీదవాడు ఇట్టి ప్రతిజ్ఞలు చేయటంలో నష్టమేమున్నది? గురువు దొంగతనం మానుమంటే అది తన వృత్తి అంటాడు. అట్లయితే అబద్ధం మానుమని అయిదవది చేర్పిస్తాడు గురువు. తరువాత ఒక్కొక్కటిగా నాలుగూ ఎదురవుతవి. బంగారు పళ్ళెం వస్తుంది, ఏనుగు వస్తుంది, రాణియే స్వయంగా చేయి చాపుతుంది. ప్రతిసారీ కాదనవలసి వస్తుంది. కనీసం ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని రాణి బ్రతిమాలితే, అయిదవ ప్రతిజ్ఞ అడ్డు వస్తుంది. రాణి ఆజ్ఞ మీద వాడిని చంపుతారు.

మన హరిశ్చంద్రుడూ మాట తప్పలేదు. కాని ఆయన మాట ఇచ్చినప్పుడే దాని బరువు తెలిసిన చక్రవర్తి, చివరకు ఆలూ బిడ్డా రాజ్యమూ తిరిగి దక్కినవి. చరణ్‌దాస్ మాట ఇచ్చినప్పుడు దాని బరువు వాడికి తెలియదు. నవ్వుతూ అన్న మాట క్రమంగా వాడిని పట్టుకొని, నడిపించి, మనిషిని చేసి, ఆ పైన చంపుతుంది. నా దృష్టిలో పెద్దవాడగుట అనే విషయం మీద మన దేశంలో వచ్చిన నాటకాలన్నింటిలో ఇంతటి నిర్దయమైన చిత్రణ మరొకటి లేదు. దేథా కథ నాయకుని మరణం తరువాత కూడా ముందుకు సాగుతుంది. తన్వీర్ అక్కడే ఆపి, చచ్చిన దొంగకు జనం మ్రొక్కటం చూపారు. ప్రహసనంగా మొదలైనది చావుతో ముగిస్తే ప్రేక్షకులు సహించరనే భయం ఏ నాటకకర్తకైనా కలుగుతుంది. సత్‌నామీలు సహించారు. గురువుకు ఇచ్చిన మాట పరిహాసానికి ఇచ్చినదైనా మాటే అన్నది వారికి వింత కాదు.

మూడవది ‘బహాదుర్ కలారిన్’. 1978లో వచ్చింది. దీని కథ తన్వీర్ పుస్తకాలలో చదివినది కాదు, సోరర్ అనే గ్రామంలో విన్నది. అప్పుడు దుర్గ్ జిల్లాలోనిది. 2012లో ఏర్పడిన బాలోద్ జిల్లాలో నేడు ఉన్నది. భిలాయి కొలిములకు ఇనుపరాయిని పంపిన దల్లీ-రాజహరా గనులూ ఆ జిల్లాలోనివే. ఆ గనులలో 1977 జూన్‌లో పోలీసు కాల్పులకు పదకొండుమంది కార్మికులు చనిపోయారు. నాటకాన్ని ఆ దుర్ఘటనతో ముడిపెట్టటం నా ఉద్దేశం కాదు గాని, ఆ ప్రాంతపు నేల అప్పటికి ఎంత కలతబారి ఉన్నదో పాఠకుడు మనస్సులో ఉంచుకొనుట మంచిది.

కలార్ అంటే సారా కాచి అమ్ముకొనే కులం. బహాదుర్ అనే కలార్ స్త్రీ మీద ఒక రాజు మనసుపడతాడు; బిడ్డ పుట్టేసరికి రాజు లేడు. ఆ బిడ్డ ఛఛాన్ ఛాడూ. తండ్రి లేని పిల్లవానిని తల్లి సర్వం తానై పెంచుతుంది. వాడు పెద్దవాడవుతాడు, లేదా అందరూ అట్లా అనుకొంటారు. ఒక పిల్లను పెండ్లి చేసుకొంటాడు. తృప్తి లేదు. ఇంకొకతె, ఇంకొకతె. ఆరు కోరీల మీద ఆరు అని ఛత్తీస్‌గఢ్ లెక్క. కోరీ అంటే ఇరవై. నూట ఇరవై ఆరుగురు స్త్రీలు. సోరర్ పరిసరాలలోని బండలలో కనబడే గుంటలను చూపి, ఆ స్త్రీలందరూ వడ్లు దంచిన రోళ్ళివి అని ఊరివారు చెప్పుకొంటారు. ఎవరిలోను వాడు వెదికేది దొరకలేదు. వెదికేది ఏమిటో ఒకనాడు బయటపడుతుంది. వాడి చూపు తల్లి మీద ఉన్నది.

తల్లి ఏడవదు, శపించదు. కొడుకుకు కమ్మగా, కారంగా వంట చేసి కడుపునిండా పెడుతుంది. అంతకు ముందే ఊరంతటికీ చెప్పి ఉంచింది: వాడు వస్తే ఎవ్వరూ నీళ్ళు ఇవ్వవద్దు. దాహంతో వాడు ఇంటింటికీ తిరుగుతాడు. ఏ ఇంటిలోను చుక్క నీరు లేదు. చివరకు బావి దగ్గరకు వచ్చినవానిని తల్లి తన చేతులతో లోపలికి త్రోసి, తానూ ప్రాణం తీసుకొంటుంది.

పాశ్చాత్య విమర్శకుడు వెంటనే ఈడిపస్ పేరు చెప్పుతాడు. చదువురాని పల్లెవారి నోట ఇట్టి కథ నిలిచి ఉండటం తన్వీర్‌ను కూడా ఆశ్చర్యపరచింది. అయితే గ్రీకు నాటకంలో కొడుకు తెలియక తప్పు చేసి, తెలుసుకొని, తనను తాను శిక్షించుకొంటాడు. నాటకమంతా వాడు తెలుసుకొనుట కొరకే. ఇక్కడ కొడుకు ఏమీ తెలుసుకొనడు. తెలుసుకొనేది తల్లి. తెలుగువారికి ఈడిపస్ కన్న దగ్గరగా నరకాసురుడున్నాడు. వాడు భూదేవి కొడుకు, పదహారువేలమంది స్త్రీలను చెరపట్టినవాడు. పోతన భాగవతంలో చంపినది కృష్ణుని చక్రమే అయినా, యుద్ధం చేసినది సత్యభామ. ఆమె భూదేవి అంశమని, అనగా కొడుకును చంపినది తల్లియేనని జనం నమ్మకం. మనం ఆ చావుకు దీపాలు వెలిగించి పండుగ చేసుకొంటున్నాం. సోరర్ కథలో కృష్ణుడు లేడు. ఇతర లోకం నుండి దిగివచ్చే చక్రం లేదు. ఒక తల్లి, ఒక బావి, తలుపులు వేసుకొన్న ఊరు. చెరలోని స్త్రీలను ఉద్ధరించేవారు కూడా లేరు.

తొలి నాటకంలో పిల్లలు ఇంటింటికీ తిరిగి వడ్లు అడిగితే ఊరు పెట్టింది. మూడవ నాటకంలో కొడుకు ఇంటింటికీ తిరిగి నీళ్ళు అడిగితే ఊరు పెట్టలేదు. ఈ పోలికను తన్వీర్ ఉద్దేశించారో లేదో గాని, రెండూ ఒకే ప్రాంతపు ఆచారాన్ని ఆధారం చేసుకొన్నవి: యౌవనంలో అడుగుపెట్టినవాడు ఊరి ఎదుట చేయి చాపాలి, ఊరు తీర్పు చెప్పాలి. అందరినీ కాదని, ఎవరినీ అడుగక తీసుకొనటానికి అలవాటుపడిన ఛఛాన్ ఛాడూ మొదటిసారి ఊరిని అడిగినది ఆ చివరి దాహంలోనే. వాడు నూట ఇరవై ఆరుగురిని తెచ్చుకొన్నంతకాలం ఇదే ఊరు నోరు మెదపలేదన్న సంగతిని కూడా నాటకం దాచదు. నాటకంలో నాకు అన్నింటికన్న భయంకరంగా తోచినది బావి కాదు, ఆ మౌనం.

బహాదుర్ వేషం వేసినది ఫిదాబాయి మర్కామ్. దేవార్ జాతి స్త్రీ. తొలి నాటకంలో యువకులు ఏ జాతి వేషం ధరించి పిల్లను తెచ్చుకొన్నారో ఆ జాతిలో పుట్టినది. నాచాలో ఆడవేషాలు మగవారే వేసేవారు. కులస్త్రీలు రంగమెక్కటం అపచారం. ఊరూరా ఆడిపాడి బ్రతికే దేవార్ పిల్లలకే ఆ నిషేధం లేకపోయింది. తన్వీర్ మేళంలో ఫిదాబాయి, మాలాబాయి వంటివారు వచ్చి చేరిన తరువాతనే మాంతీకి గొంతు, రాణికి దర్పం, బహాదుర్‌కు ఆ మహాశోకం లభించినవి. ఫిదాబాయి లేకుండా ‘బహాదుర్ కలారిన్’ను ఊహించుట కష్టమని ఆ ప్రదర్శన చూచినవారు చెప్పే మాట.

నిషేధం గల కులాలలో పుట్టిన పిల్ల ఏమి కావలసి ఉండెనో తెలుసుకొనాలంటే భిలాయికి సమీపంలోని గనియారీ గ్రామానికి పోవాలి. అక్కడ 1956లో పార్ధీ జాతిలో పుట్టిన తీజన్‌బాయి తాత బ్రిజ్‌లాల్ పాడే పాండవ కథలు చాటుగా విని నేర్చుకొన్నది. పన్నెండవ ఏట పెండ్లి చేశారు. స్త్రీలు కూర్చుండి పాడే వేదమతి పద్ధతి కాక, పురుషుల వలె నిలబడి, తంబూరాను గద వలె ఎత్తి, కాపాలిక పద్ధతిలో పండ్వానీ పాడినందుకు కులం వెలివేసింది. వేరుగా గుడిసె వేసుకొన్నది. పదమూడవ ఏట చంద్రఖురీ గ్రామంలో పది రూపాయలకు తొలి ప్రదర్శన ఇచ్చింది. ఆమె ప్రతిభను గుర్తించి బయటి లోకానికి చూపినవారు తన్వీర్. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చింది. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. మాంతీని ప్రియుడు వచ్చి తీసుకొనిపోయాడు. తీజన్‌ను తీసుకొనిపోవుటకు ఎవరూ రాలేదు, పాటయే దారి. కులం వెలివేసిన పిల్లకు జీతపు పట్టీలో పేరు వ్రాసినది ఉక్కు పట్టణం. యంత్రనాగరికత పల్లె యౌవనాన్ని ధ్వంసం చేసిందని ఒక్క వాక్యంలో తేల్చివేసేవారు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కొంచెం నిలువవలసి ఉంటుంది.

తన్వీర్ తరువాత చాలా చేశారు. షేక్స్‌పియర్ రచించిన వేసవిరాత్రి కల నాటకాన్ని 1993లో ‘కామ్‌దేవ్ కా అప్నా బసంత్ రితు కా సప్నా’గా మలచారు, ప్రేమికుల కలవరపాటు అందులోను ఉన్నది గాని, పై మూడింటి బరువు దానికి లేదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైంది. ఆయన తన నటుల చేత మాట్లాడించిన భాష ఒక రాష్ట్రపు భాష అయింది. 2009 జూన్ 8వ తేదీన ఆయన భోపాల్‌లో మరణించారు.

ఆ సంవత్సరమే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘చరణ్‌దాస్ చోర్’ పుస్తకాన్ని నిషేధించింది. తమ మతాన్ని కించపరచినదని సత్‌నామీ పెద్దలు కొందరు చేసిన ఫిర్యాదు మీద ఆ చర్య తీసుకొన్నారు. పాఠశాల పిల్లలు చదువవలసిన పుస్తకాల నుండి అది పోయింది. నాటకాన్ని మొట్టమొదట చూచి మెచ్చినవారూ, పేరు మార్పించినవారూ సత్‌నామీలే కదా అని అప్పుడు చాలామంది ఆశ్చర్యపడ్డారు. ముప్పది అయిదేండ్లలో సంఘం మారింది. బీదల సమ్మేళనంగా ఉన్నది ఓట్ల లెక్కలో చేరింది. ఒకప్పుడు దొంగ నోట వినబడినా సత్యం సత్యమేనన్నవారికి, ఇప్పుడు సత్యం నోట దొంగ పేరు వినబడటం అవమానంగా తోచింది. వారి నొప్పిని తేలికగా కొట్టివేయరాదు. కాని పుస్తకాన్ని పిల్లల చేతులలో నుండి తీసివేయటం ప్రహసనంలోని మాంతీ తండ్రి పని వంటిదని అనక తప్పదు. నాటకం మాత్రం ఆగలేదు. తన్వీర్ లేని నయా థియేటర్ దానిని ఆడుతూనే వచ్చింది.

1974 శీతకాలంలో భిలాయి మైదానంలో నేల మీద కూర్చుండి ఆ ఏబది నిమిషాల ఆట చూచిన ఇరవై ఏండ్ల కుర్రవానికి, నిషేధం వచ్చిన ఏడు ఏబది అయిదేండ్లు.